సెల్మర్ క్వామ్ పలికిన పేర్లు

సెల్మర్ క్వామ్ ముప్ఫై ఎనిమిదేళ్లు మా కౌంటీ రోడ్ల పక్కన గడ్డి కోశాడు. ఆ పని దొరికితే చేరింది కాదు, ఏరుకుని చేరింది. ట్రాక్టరు మీద కూర్చున్నవాడితో ఎవరూ మాట్లాడరు. సెల్మర్‌కి నత్తి. మాట గొంతులో అడ్డం పడితే మొహం కందిపోయి, కళ్లు మూతపడి, దవడ ఒక పక్కకి లాగేసేది. అన్నిటికన్నా కష్టం సొంత పేరు. ఎవరైనా పేరడిగితే "స్..." దగ్గరే ఆగిపోయేవాడు. అడిగినవాళ్లు జాలిపడి తామే ఏదో ఒక పేరు అందించేవాళ్లు. బ్యాటరీలు అమ్మడానికి వచ్చే ఒకాయన ఆరేళ్లపాటు అతన్ని సిడ్నీ అనే పిలిచాడు. సెల్మర్ దిద్దలేదు.

నా పేరు మార్లిస్. ఆ రోడ్ల ఆఫీసులో ఫోన్లు ఎత్తడం, కాగితాలు టైపు చేయడం, బండ్ల మీద వెళ్లినవాళ్లతో వైర్లెస్‌లో మాట్లాడటం నా పని. అందుకే ఒక సంగతి అందరికన్నా ముందు నాకు తెలిసింది. వైర్లెస్‌లో సెల్మర్‌కి నత్తి లేదు. "మార్లిస్, తొమ్మిదో నంబరు రోడ్డు అయిపోయింది, చర్చి వైపు తిరుగుతున్నా" అని గడగడా చెప్పేసేవాడు. సాయంత్రం షెడ్డుకొచ్చి తాళాలు బల్ల మీద పెట్టేటప్పుడు మాత్రం తలూపడమే. ఇంజను హోరులో తన గొంతు తనకి వినపడకపోతే కొందరికి మాట సాఫీగా వస్తుందట. ఆ కారణం చాలా ఏళ్ల తర్వాత ఒక డాక్టరమ్మ చెబితే తెలిసింది. మొదట్లో అది నాకు అంతుపట్టని విషయం. అడిగితే నొచ్చుకుంటాడని అడగలేదు.

మా అన్న లారెన్, సెల్మర్ ఒకే బళ్లో చదివారు. ఒకటే గది, ఎనిమిది తరగతులు, ఒక పొయ్యి, ఒక టీచరు. ఆ టీచరు థోరా నీగార్డ్. అప్పటికి ఆవిడకి ఇరవై రెండేళ్లు. నత్తి అంటే పెంకితనమని, గట్టిగా పట్టుబడితే వదులుతుందని ఆవిడకెవరో చెప్పారు. మూడో క్లాసులో సెల్మర్‌ని లేపి పాఠం చదవమంది. మొదటి వాక్యం పూర్తయ్యేదాకా కూర్చోవద్దంది. పొద్దున మొదలైంది. మధ్యాహ్నం అందరూ డబ్బాలు విప్పి తిన్నారు, అతను నిలబడే ఉన్నాడు. బడి వదిలారు, అప్పటికీ వాక్యం రాలేదు. మర్నాడూ అంతే. మూడో రోజు ఆవిడే కూర్చోమంది. ఆ తర్వాత ఎనిమిదో క్లాసు దాటేదాకా సెల్మర్ బళ్లో నోరు విప్పలేదని మా అన్న చెప్పేవాడు. చెప్పినప్పుడల్లా తన డబ్బాలోని రొట్టె అతనికి ఇవ్వలేకపోయానని బాధపడేవాడు.

ఇక అసలు సంగతి. అది ఎనభై నాలుగు జూలై. సెల్మర్‌కి నలభై ఎనిమిదేళ్లు. పదకొండు గంటలప్పుడు వైర్లెస్ పలికింది.

"మార్లిస్, నీగార్డ్ బీడు పక్కనున్నా. రోడ్డు వార గుంటలో ఒకావిడ మడతకుర్చీ వేసుక్కూర్చుంది. నా బ్లేడుకి ఎదురుగా. హారన్ కొడితే చెయ్యూపుతోంది."

"ఎవరావిడ?"

"టోపీ పెట్టుకుంది, మొహం కనపడట్లా. ఉండు, దిగి చూస్తా."

ఇంజను ఆగింది. మైకు బటను నొక్కుకుపోయి అలాగే ఉండిపోయిందేమో, గాలి, పిట్టలు వినిపిస్తున్నాయి. కాసేపటికి అతని గొంతు. "మి... మి... మి..." అంతే. ఎంతసేపటికీ అదే. అప్పుడే నాకు రెండు విషయాలు ఒకేసారి అర్థమయ్యాయి. ఇంజనుకీ నత్తికీ ఉన్న సంబంధం ఒకటి. కుర్చీలో కూర్చున్నది మిస్ నీగార్డ్ అన్నది రెండోది.

మా సూపర్వైజరు ఊళ్లో లేడు. నేనే కారు తీశాను. వెళ్లేసరికి ఆవిడ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నిటారుగా కూర్చుని ఉంది. సెల్మర్ ఎదురుగా టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. నాకు మా అన్న చెప్పిన కథ గుర్తొచ్చింది.

"మార్లిస్ నువ్వా? మంచిది, నువ్వే విను," అంది ఆవిడ. "నా కుర్చీ వెనక తెల్లపూలు ఉన్నాయి. పద్నాలుగు కాడలు. ఈ పువ్వు ప్రపంచంలో ఎక్కడపడితే అక్కడ లేదు. నా బీడులో ఉంది, కంచె దాటి ఈ గుంటలోకి వచ్చింది. గింజ కట్టేదాకా నేను లేవను. తర్వాత మీ ఇష్టం, ఈ గుంటకి గుండు కొట్టుకోండి."

"గింజ ఎప్పుడు కడుతుందండీ?"

"సెప్టెంబరులో."

"అప్పటిదాకా ఇక్కడే కూర్చుంటారా?"

"నాకు పనేముంది? రిటైరయ్యాను."

సెల్మర్ కుర్చీ చుట్టూ తిరిగి వెళ్లి గుంటలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. పువ్వు దగ్గరికి మొహం పెట్టి చూశాడు. రెక్కల అంచులన్నీ ఓపిగ్గా కత్తెరతో కుచ్చులు కత్తిరించినట్టుండే తెల్లని పువ్వు. ఇరవై నాలుగేళ్లుగా ఏటా జూలైలో తను దాని మీదుగా బ్లేడు నడుపుతున్నాడు. లేచి, ట్రాక్టరెక్కి, బ్లేడు పైకెత్తి, ఆ పద్నాలుగు కాడల చుట్టూ తిప్పుకుని వెళ్లిపోయాడు. ఆవిడ కుర్చీ మడిచింది.

ఆ మర్నాటి నుంచి మొదలయ్యాయి ఫోన్లు. ఎక్కువ ఫోన్లు గేలెన్ ఫాస్ చేసినవే. బీడుకి అవతల మొక్కజొన్న, సోయా వేసేవాడు. అతని పొలంలో కలుపు అన్న మాట వినిపిస్తే తుపాకీ తీసే రకం.

"మార్లిస్, మీవాడు గడ్డి కోస్తున్నాడా, జుట్టు దువ్వుతున్నాడా? ఇక్కడో కుచ్చు, అక్కడో కుచ్చు వదిలేసి పోయాడు. కుక్కకి గజ్జి పట్టినట్టుంది రోడ్డు."

"చెప్తాను గేలెన్."

"నువ్వు చెప్తావు, వాడు తలూపుతాడు. తెలిసిందేగా."

సూపర్వైజరు పిలిచి మందలించాడు. సెల్మర్ తలూపాడు. మరుసటి ఏడు ఇంకో రెండు చోట్ల బ్లేడు ఎత్తాడు.

ఈలోగా ఇంకొకటి జరిగింది. ఆదివారం చర్చి అయ్యాక సెల్మర్ బండి నీగార్డ్ బీడు గేటు దగ్గర కనిపించడం మొదలైంది. ఆ బీడు నలభై ఎకరాలు. చుట్టుపక్కల అంగుళం వదలకుండా అందరూ దున్నేసినా, థోరా వాళ్ల నాన్న దాన్ని పశువుల మేతకని నాగలి పెట్టకుండా ఉంచేశాడు. ఆయన పోయాక ఆవిడా ముట్టుకోలేదు. గడ్డి ఆగస్టుకి మనిషి ఎత్తు లేస్తుంది. అందులో ఇద్దరూ తిరిగేవాళ్లు. ఆవిడ ముందు, అతను వెనక. ఆవిడే మాట్లాడేది. ఒక్క ప్రశ్న కూడా అడిగేది కాదట. జీవితమంతా పిల్లల్ని ప్రశ్నలడిగిన మనిషి! పాత సంగతి మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

ఒకసారి ఆగస్టులో వైర్లెస్ బటను ఇరుక్కుపోయింది. అది సెల్మర్‌కి తెలియదు. కౌంటీలో ఉన్న పదకొండు బండ్లలోనూ అతని గొంతు మోగింది. ఇంజను హోరు మీద ఒకటే పాఠం. "కోడికాలి గడ్డి. ముళ్లపంది గడ్డి. సీసపు మొక్క. ఊదా క్లోవర్, తెల్ల క్లోవర్. జిల్లేడు మూడు రకాలు, చిత్తడి జిల్లేడు, గుండ్రాకు జిల్లేడు..." ఇరవై నిమిషాలు. ఒక్కచోట తడబాటు లేదు. చర్చిలో ప్రార్థన చదివినట్టుంది. నేను చేతిలో పని వదిలేసి విన్నాను. బండ్ల మీదున్న ఏ ఒక్కడూ మధ్యలో నోరు పెట్టలేదు.

సాయంత్రం షెడ్డులో కంకర బండి నడిపే కుర్రాళ్లలో ఒకడు, "సెల్మరూ, ఆ జిల్లేడు మూడోది ఏదో చెప్పావు, సరిగ్గా వినపడలేదు" అన్నాడు. వాడు వేళాకోళం ఆడలేదు, నిజంగానే అడిగాడు. సెల్మర్ చెవులు ఎర్రబడ్డాయి. నాలుగు రోజులు కాఫీ గదిలోకి రాలేదు.

ఏటా జూలై రెండో శనివారం థోరా ఆ బీడులో అందరినీ నడిపించేది. చర్చి పత్రికలో రెండు లైన్ల ప్రకటన వేసేవాళ్లు. ఊళ్లోవాళ్లు, మినియాపొలిస్ నగరం నుంచి వచ్చేవాళ్లు, పాతిక మంది దాకా అయ్యేవాళ్లు. ఆవిడ నడక వేగం మిలిటరీ వేగం. గంటంబావులో నలభై ఎకరాలూ చుట్టేసి, డెబ్భై పేర్లు చెప్పి, "ప్రశ్నలేమైనా ఉన్నాయా? లేవు కదా. మంచిది" అనేది. సెల్మర్ పని గేటు తీయడం, కార్లు పెట్టుకునే చోట గడ్డి కోయడం, వరస చివర నడిచి తప్పిపోయినవాళ్లని ఏరుకురావడం.

తొంభై ఆరు మార్చిలో థోరాకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. మాటలు పోయాయి. అన్నీ పోయి ఒక్కటే మిగిలింది, "మంగళవారం". ఆకలేస్తే మంగళవారం, కోపమొస్తే మంగళవారం, ఎవరైనా పలకరిస్తే నవ్వుతూ మంగళవారం. లోపల ఏం చెప్పాలో ఆవిడకి పూర్తిగా తెలుసట, బయటికి మాత్రం అదొక్కటే వచ్చేది. ఊళ్లో మొదట కొందరు నవ్వారు. తర్వాత మానేశారు.

ఆ ఏటి నడక సంగతి అందరూ మర్చిపోయారు. చర్చి పత్రికలో ప్రకటన మాత్రం పాత అలవాటుగా పడిపోయింది. శనివారం పొద్దున తొమ్మిదింటికి పంతొమ్మిది మంది గేటు దగ్గర నిలబడ్డారు. నేను మావాళ్ల పద్ధతిలో గుడ్డు కలిపి కాచిన చర్చి కాఫీ, రుబార్బ్ అనే పుల్లటి కాడలతో చేసిన తీపిముక్కలు తెచ్చాను. గేలెన్ ఫాస్ కూడా ఉన్నాడు. అతని భార్య లోయిస్ లాక్కొచ్చింది. థోరాని వాళ్ల మేనకోడలు కార్లో తీసుకొచ్చి మడతకుర్చీలో కూర్చోబెట్టింది. గాలి పోసుకోవడానికి మాత్రమే అంది.

"మరి ఎవరు చూపిస్తారు?" అని మినియాపొలిస్ నుంచి వచ్చిన ఒకావిడ అడిగింది.

 కాఫీ తాగి వెళ్లిపోదామని నేను చెప్పబోతున్నాను. థోరా ఎడమ చెయ్యి ఎత్తి, గేటు పట్టుకుని నిలబడ్డ సెల్మర్ వైపు చూపించింది.

"మంగళవారం."

సెల్మర్ తల అడ్డంగా ఊపాడు.

"మంగళవారం!" ఈసారి అది క్లాసులో వినిపించే గొంతు. నాకే వెన్ను నిటారుగా అయింది.

అతను రెండడుగులు ముందుకేశాడు. పంతొమ్మిది మంది మొహాలు చూశాడు. నోరు తెరిచాడు. "ఇ... ఇ... ఇ..." దవడ లాగేసింది. కళ్లు మూసుకున్నాడు. నాకు పారిపోవాలనిపించింది, అతని బదులు నేనే ఏదో ఒకటి చెప్పేయాలనిపించింది. అప్పుడు గేలెన్ నోరు జారాడు.

"పోనీ, ట్రాక్టరు స్టార్టు చేసి తెమ్మంటావా సెల్మరూ? దాని మీదెక్కి చెబితే గడగడా చెబుతావుగా."

లోయిస్ అతని డొక్కలో మోచేత్తో పొడిచింది. అందరూ నేల చూపులు చూశారు. సెల్మర్ కళ్లు తెరిచాడు. నవ్వాడు. అతను పళ్లు కనపడేలా నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి.

"అ... అప్పుడు నీకు వి... వి... వినపడదు గేలెన్. అసలే చె... చెవుడు."

పంతొమ్మిది మందీ ఒక్కసారి గొల్లుమన్నారు. గేలెన్ కూడా. "అదీ నిజమే" అన్నాడు.

కానీ సెల్మర్ కదల్లేదు. థోరా వైపు చూశాడు. కుర్చీ వైపు చూశాడు. తర్వాత గేలెన్ వైపు చూసి కుర్చీ ఒక పక్క పట్టుకున్నాడు. గేలెన్‌కి అర్థమై రెండో పక్క పట్టుకున్నాడు. అలా ఆవిడని కుర్చీతో సహా ఎత్తుకుని బీడులోకి నడిచారు.

"టీచరుగారూ, బడికి లేటుగా వచ్చినందుకు నన్ను గుంజీలు తీయించారు గుర్తుందా? దానికి చెల్లుగా మోస్తున్నాను," అన్నాడు గేలెన్ రొప్పుతూ.

"మంగళవారం," అంది ఆవిడ హాయిగా.

ఆ నడక నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. ఇరవై అడుగులకోసారి కుర్చీ దించాలి. దించినచోటల్లా సెల్మర్ ఏదో ఒక మొక్క దగ్గర వంగేవాడు. దాని పేరు బయటికి రావడానికి టైము పట్టేది. అంతసేపూ అతని మొహంలోకి చూడటం మర్యాద కాదు కదా. అందుకని అందరం మొక్కని చూసేవాళ్లం. వేరే దారి లేదు మరి. అలా చూస్తుంటే, పన్నెండేళ్లుగా ఏటా ఆ బీడులో నడిచిన నేను ఎన్నడూ చూడనివి కనిపించాయి. సీసపు మొక్క ఊదారంగు కంకిలో ప్రతి పువ్వులోంచి ఇంతింత నారింజ రంగు చుక్క బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. జిల్లేడు ఆకు అడుగున సీతాకోకచిలుక గుడ్డు గసగసాల గింజంత కూడా ఉండదు.

"దీ... దీన్ని మా తాత జో... జోళ్లతాడు అనేవాడు," అన్నాడు సీసపు మొక్క దగ్గర. "దున్నేటప్పుడు వే... వేళ్లు తెగితే ట... టప్‌మని చప్పుడు. జోడు తాడు తెగినట్టు. మూ... మూడు నిలువుల లోతుంటాయి."

"మా నాన్న కూడా చెప్పేవాడు," అన్నాడు గేలెన్ ఉన్నట్టుండి. "ఆ చప్పుడికి ఎద్దులు బెదిరేవట." అన్నాక ఎందుకన్నానా అన్నట్టు టోపీ సర్దుకున్నాడు.

కొన్నిచోట్ల అసలు మాటలే వాడలేదు. ముళ్లపంది గడ్డి గింజ ఒకటి తీసి మినియాపొలిస్ ఆవిడ అరచేతిలో పెట్టాడు. బారుగా తోకున్న గింజ. తన వేలికి ఉమ్ము తడి చేసుకుని ఆ తోక మీద అద్దాడు. తోక మెలి విప్పుకుంటూ గిరగిరా తిరగడం మొదలుపెట్టింది, భూమిలోకి మరమేకులా దిగడానికి. ఆవిడ కెవ్వున అరిచి, మళ్లీ చెయ్యమంది. అందరూ వరసగా చేతులు చాపారు, గేలెన్‌తో సహా.

బీడు నడిమి మిట్ట దగ్గర కుర్చీ దించి ఊపిరి పీల్చుకుంటుంటే సెల్మర్ చెయ్యెత్తాడు. అందరం ఆగిపోయాం. సన్నకాళ్ల ఉల్లంకి పిట్ట ఒకటి, పది గజాల దూరంలో, గడ్డిలోంచి మెడ సాచి మమ్మల్ని చూస్తోంది. ఎన్నోసార్లు దాని ఈల విన్నాను. పైకి లేచి మళ్లీ కిందకి జారే ఈల, అడవిలో ఎవరో మనల్ని చూసి ఆశ్చర్యపోయినట్టుంటుంది. మనిషిని మాత్రం దగ్గరికి రానివ్వదు. థోరా వేగానికి అది ఎప్పుడో లేచిపోయేది. మేం కదలకపోయేసరికి అది కూడా మమ్మల్ని మర్చిపోయి నాలుగడుగులు వేసింది. దాని వెనక మూడు పిల్లలు. దూదిపింజలకి పుల్లలు గుచ్చినట్టున్నాయి. ఒకటి మెల్లగా వచ్చి గేలెన్ బూటు పక్కనుంచి వెళ్లింది. అరవై దాటిన మనిషి ఊపిరి బిగబట్టి, మొహం కందిపోయి నిలబడ్డాడు. వెళ్లిపోయాక, "పర్లేదు," అన్నాడు చిన్నగా. మా వైపు పొగడ్తగా ఆ మాట ఊరికే రాదు. మా ఆయన పెళ్లిరోజున నన్ను చూసి అన్న మాట కూడా అదే.

చివరికి గుంట దగ్గరికి వచ్చాం. తెల్లపూలు ఆ ఏడు నలభై పైన ఉన్నాయి. ఆ పువ్వు పేరు పడమటి ప్రెయిరీ కుచ్చు ఆర్కిడ్; ప్రెయిరీ అంటే ఇలాంటి గడ్డిమైదానం. వరసగా రెండు 'ప'లు. సెల్మర్‌కి 'ప' అంటే యముడు. పెదాలు కలిశాయి, అలాగే అతుక్కుపోయాయి. చప్పుడు కూడా లేదు. గాలి వీస్తోంది. ఎక్కడో, చొక్కా తిరగేసి తొడుక్కున్నట్టుండే బోబోలింక్ అనే నల్లపిట్ట గోల గోలగా పాడి ఆగిపోయింది. మాట ఇంకా రాలేదు. మినియాపొలిస్ ఆవిడకి జాలేసింది. పుస్తకం చదువుకొచ్చిన మనిషి.

"పడమటి—" అని అందించబోయింది.

"మంగళవారం!" అని అరిచింది థోరా. ఎడమ చెయ్యి కుర్చీ మీద చరిచింది. మినియాపొలిస్ ఆవిడ గప్‌చుప్ అయిపోయింది.

మేం ఆగాం. ఎంతసేపని చెప్పను? నాకు తోచినంతలో అది చాలాసేపు. ఎవరూ దగ్గలేదు, కదల్లేదు. పూలను చూస్తూ నిలబడ్డాం. అప్పుడు, "ప... పడమటి ప... ప్రెయిరీ కుచ్చు ఆర్కిడ్," అన్నాడు సెల్మర్. చెమట తుడుచుకున్నాడు. థోరా తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకుంది. చెంపల మీద తడి ఉంది.

నడకకి మూడు గంటలు పట్టింది. కాఫీ చల్లారిపోయింది. అయినా అందరూ తాగారు.

ఆ అక్టోబరులో థోరాని వృద్ధుల ఆశ్రమానికి మార్చారు. వారానికి రెండుసార్లు ఒక డాక్టరమ్మ వచ్చి మాటలు నేర్పేది. కాస్త కాస్త తిరిగొస్తున్నాయని విన్నాం. ఒక ఆదివారం సెల్మర్ బండి పాడైతే నేను అతన్ని తీసుకెళ్లాను. ఎర్రబడిన కోడికాలి గడ్డి వెన్నులు నాలుగు కోసి కాగితంలో చుట్టి తెచ్చాడు. ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ఆ గడ్డి ఒళ్లో పెట్టుకుని, కోడి కాలి వేళ్లలా చీలిన మూడు పాయలనీ ఎడమ చేత్తో ఒక్కొక్కటే సవరించింది. సెల్మర్ ఎదురుగా టోపీ పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ తలెత్తి అతన్ని చూసింది. చాలాసేపు చూసింది. ఏదో పైకి లాగుతున్నట్టు మెడ నరాలు బిగుసుకున్నాయి.

"మూ... మూడో..." అంది. ఆగింది. "మూడో క్లాసు."

 నేను అందించబోయి, నాలుక కరుచుకున్నాను.

"నిల... నిలబెట్టా. నిన్ను."

పోనీలెండి, ఎప్పుడో జరిగింది, వదిలేయండి — మావాళ్లెవరైనా అలాగే అంటారు. సెల్మర్ అనలేదు.

"అ... అవును టీచర్," అన్నాడు. తర్వాత, "కా... కాళ్లు చాలా నొ... నొప్పెట్టాయి," అన్నాడు.

ఆవిడ ఏడ్చింది. దాచుకోలేదు, తుడుచుకోలేదు. ఎడమ చెయ్యి చాపి అతని చొక్కా పట్టుకుని, పక్కనున్న మంచం వైపు లాగింది.

"కూర్చో," అంది. అది మాత్రం స్పష్టంగా వచ్చింది. "కూర్చో, సెల్మర్."

అతను కూర్చున్నాడు. నేను కాఫీ తెస్తానని బయటికి వచ్చేశాను. తేవడానికి కాఫీ ఎక్కడుందో కూడా నాకు తెలియదు. వరండా చివర కిటికీ దగ్గర నిలబడి ముక్కు చీదుకున్నాను. తిరిగొచ్చేసరికి ఇద్దరూ పక్కపక్కన కూర్చుని కార్లు పెట్టే చోటు చూస్తున్నారు.

థోరా ఇంకో మూడేళ్లు బతికింది. బీడుని ఎవరూ దున్నకుండా కాగితాలు రాసి పోయింది. నడక పగ్గాలు సెల్మర్ చేతికి వచ్చాయి. ఒక ఏడాది అరవై మంది వచ్చారు. ఇంకో ఏడాది వాన పడి ముగ్గురే, అందులో నేనొకదాన్ని. ముగ్గురికీ మొత్తం చూపించాడు. మూడు గంటలకి ఒక్క నిమిషం తగ్గించలేదు. నత్తి పోలేదు. పోతుందని ఎవరూ అనుకోలేదు. ఒక రెండేళ్లు గడిచాక దాని గురించి ఆలోచించడం నేనే మానేశాను. సెల్మర్‌తో నడక అంటే ఆగి ఆగి నడవడం, అంతే. ఆ బ్యాటరీల ఆయన కూడా ఒకసారి పెళ్లాంతో వచ్చాడు. "సిడ్నీ!" అని చెయ్యి చాపాడు. సెల్మర్ ఆ చెయ్యి పట్టుకుని వదలకుండా, తన పేరు మొదటి అక్షరం నుంచి చివరిదాకా పలికి, అప్పుడు వదిలాడు.

లోయిస్ చనిపోయిన ఏడు గేలెన్ నాకు ఫోన్ చేశాడు. నేను అప్పటికి రిటైరయ్యాను. అయినా అతనికి పాత అలవాటు పోలేదు.

"మార్లిస్, సెల్మర్‌కి చెప్పు. కాఫీ డబ్బాడు గింజలు కావాలి. బీడు గింజలు. దక్షిణం మూల మూడెకరాలు ఎప్పుడూ నీళ్లు నిలిచి ఏదీ పండదు. లోయిస్ ఎప్పుడూ అక్కడ పూలు వేద్దామనేది."

"నువ్వే చెప్పొచ్చుగా గేలెన్."

"నేనడిగితే వాడు నవ్వుతాడు."

సెల్మర్ నవ్వలేదు. కాఫీ డబ్బాడు కాదు, సెప్టెంబరంతా ఏరి రెండు బస్తాలు ఇచ్చాడు. చల్లి రెండేళ్లయింది. పిచ్చిమొక్కలు తప్ప ఏమీ కనిపించలేదు. ఊళ్లో కాఫీ దుకాణంలో గేలెన్ని ఏడిపించారు. జీవితమంతా కలుపు చంపినవాడు ముసలితనంలో కలుపు సాగు మొదలెట్టాడని. మూడో ఏడు జూన్‌లో పొద్దున్నే ఫోన్.

"మార్లిస్, సెల్మర్‌ని తీసుకుని వెంటనే రా. ఏదో మొలిచింది. మందు కొట్టాలో వద్దో తెలియట్లేదు."

వెళ్లాం. సెల్మర్‌కి డెబ్భై దాటాయి, గేలెన్‌కి ఇంకా ఎక్కువ. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని మోకాళ్ల మీదికి, అక్కణ్ణుంచి పొట్ట మీదికి దిగారు. బొటనవేలి గోరంత మొక్క. బూడిదరంగు ఆకులు, చింతాకుల్లా సన్నగా, ఒకదానికొకటి ఎదురుగా. సెల్మర్ వేలితో దాని పక్కనున్న కలుపు తీసి పడేశాడు.

"సీ... సీసపు మొక్క," అన్నాడు.

"జోళ్లతాడా!" అన్నాడు గేలెన్. "ఇది పూసేదెప్పుడు?"

"ఐ... ఐదారేళ్లు. ము... ముందు వేరు దించాలి కదా."

గేలెన్ మట్టిలో గడ్డం ఆనించి లెక్క వేసుకున్నాడు.

"అయితే ఆ బీపీ మాత్రలు మింగాల్సిందేనన్నమాట," అన్నాడు. "మార్లిస్, అలా నిలబడతావేం? మమ్మల్ని లేపు."

నేను లేపలేదు. గడ్డి తడిగా ఉన్నా సరే, వాళ్ల పక్కనే కూర్చుని నేను కూడా చూశాను.